జీతం ఎప్పుడు పడుతుందో ముందే చెప్పిన నెల

పేరోల్ ఉద్యోగంలో చేరే పిల్లలకు మొదట పన్ను లెక్కలు, పీఎఫ్ లెక్కలు నేర్పుతారు. అవి ఎవరైనా నేర్చుకోగలరు. తప్పు చేస్తే సాఫ్ట్‌వేరే ఎర్ర గీత గీసి చూపిస్తుంది. నేను రాయబోయేది సాఫ్ట్‌వేర్ చూపించని తప్పుల గురించి.

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కంపెనీలో జీతాలు వేసేదాన్ని. పోయిన ఏడాది రిటైరయ్యాను. మాది కాకినాడ. పెళ్లయి మూసాపేట వచ్చి అక్కడే స్థిరపడ్డాం. కంపెనీ మరీ పెద్దది కాదు. ఒక బిల్డింగులో రెండు అంతస్తులు, నాలుగు వందల మంది ఉద్యోగులు. అందులో ఎక్కువ మంది మణికొండ, కొండాపూర్ అపార్టుమెంట్లలో ముగ్గురు నలుగురు కలిసి ఉండే పాతికేళ్ల వాళ్లు.

జీతం ఎంతన్నది ఆఫర్ లెటర్‌లోనే తేలిపోతుంది. ఎప్పుడన్నది మా చేతిలో ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ "ఎప్పుడు"లోనే ఉందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమైన ఆ మూడు వారాలను తలచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. అంత హుషారుగా నేను ఎప్పుడూ పని చేయలేదు.

ముందు నా తప్పు చెప్పాలి.

రెండు రోజులని రాసిన మెయిల్

మా కంపెనీలో జీతం నెలాఖరు పనిదినాన పడేది. ఒక నెల పెద్ద క్లయింటు నుంచి డబ్బు రాలేదు. మా డైరెక్టర్ విఠల్ సార్ నన్ను పిలిచి, సాంకేతిక కారణాల వల్ల జీతాలు రెండు రోజులు ఆలస్యమవుతాయని అందరికీ మెయిల్ పెట్టమన్నారు. ఆయన శేరిలింగంపల్లి మనిషి. కంపెనీని ఒక్క గదిలో మొదలుపెట్టి పెంచినవాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ రెండు రోజులు నిజం కాదని నాకు తెలుసు. క్లయింటు తేదీ ఏదీ ఇవ్వలేదు. అయినా రాశాను. చెప్పింది రాయడం నా పని అనుకున్నాను.

జీతాలు తొమ్మిది రోజులు ఆలస్యంగా పడ్డాయి.

మరునాడు ప్రవళిక అనే అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది. టెస్టర్, సిద్దిపేట వైపు నుంచి వచ్చి మణికొండలో తల్లితో, చెల్లెలితో ఉంటోంది. అంతకుముందు నెల వాళ్లమ్మ దవాఖాన ఖర్చు మొత్తం క్రెడిట్ కార్డు మీద పెట్టింది. ఆ కార్డు గడువు మూడో తారీఖు. బిల్లు దానంతట అదే కట్టేసుకునేలా ఆటోపే పెట్టుకుంది. రెండో తారీఖుకల్లా జీతం పడుతుందని నా మెయిల్‌ను నమ్మి ఆ ఆటోపేని అలాగే వదిలేసింది. ఖాతాలో డబ్బు లేక అది తిరిగిపోయింది. తిరిగిపోయినందుకు ఖాతా ఉన్న బ్యాంకు ఒక చార్జీ, కట్టనందుకు కార్డు బ్యాంకు లేట్ ఫీజు, ఆ పైన వడ్డీ. అవన్నీ ఫోన్‌లో ఒక్కొక్కటే తీసి చూపించింది.

అసలు దెబ్బ అది కాదు. వాళ్ల చెల్లెలి నర్సింగ్ కోర్సుకు తీసుకుంటున్న చదువు అప్పులో ప్రవళిక కూడా సంతకం చేసిన మనిషి. ఆ వారంలోనే ఆ బ్యాంకు ఆమె క్రెడిట్ రిపోర్టు తీసి చూసింది. కార్డు గడువు తప్పినట్టు తాజాగా నమోదై ఉంది. ఫైలు పక్కన పెట్టారు. కాలేజీ ఫీజు తేదీ దాటిపోయింది. ఆ పిల్లకు ఒక ఏడాది పోయింది.

నేను సారీ చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు.

"జీతం లేటయితే ఎట్లనో తట్టుకుంటం మేడమ్. రెండు రోజులని మీరు రాసిన్రు కద, నేను నమ్మిన. తొమ్మిది రోజులని రాస్తే నేను ఆటోపే ఆపుకునేదాన్ని, బ్యాంకుకు ఫోన్ చేసుకునేదాన్ని."

ఆమె వెళ్లిపోయాక ఆ పూట నేను ఏ పనీ చేయలేదు. జీతం ఆలస్యం కావడం కంపెనీ కష్టం. తేదీ అబద్ధం కావడం నా తప్పు. దాన్ని విఠల్ సార్ మీదికి తోయడానికి లేదు. మెయిల్ కింద ఉన్నది నా పేరు.

డ్రాయర్‌లో నాలుగు కార్డులు

మరుసటి ఏడాది మళ్లీ అదే జరిగింది. ఈసారి నాకు పంతొమ్మిదో తారీఖునే తెలిసింది. వచ్చే నెల ఎనిమిది, తొమ్మిది తారీఖుల దాకా డబ్బు రాదని క్లయింటు రాతపూర్వకంగా చెప్పింది. విఠల్ సార్ పిలిచారు. ఇప్పుడే ఏమీ చెప్పొద్దనీ, ముప్పయ్యో తారీఖున "రెండు రోజులు" అని మెయిల్ పెడదామనీ అన్నారు.

నేను కూర్చోలేదు. ఆ మెయిల్ నేను రాయనని చెప్పాను. కావాలంటే వేరేవాళ్లతో రాయించుకోండి, నా రాజీనామా కూడా అదే రోజు ఇస్తాను అన్నాను. మా ఆయన రిటైరై ఇంట్లోనే ఉన్నారు. ఆ ఉద్యోగం పోతే మాకూ ఇబ్బందే. విఠల్ సార్ ఒప్పుకోలేదు.

"నిజం చెప్తే ఏమైతదో ఎరుకనా మేడమ్? సగం మంది రెజ్యూమెలు పట్టుకొని పక్క బిల్డింగుకు పోతరు. ఆ సంగతి క్లయింటుకు తెలిస్తే కాంట్రాక్టే పోతది."

"పోయేవాళ్లు అబద్ధం చెప్పినా పోతారండి. ఉండేవాళ్లకు గడువు తప్పకుండా చూసుకునే వ్యవధి ఇద్దాం. పన్నెండు రోజులుంది. ప్రవళిక విషయం మీకు తెలుసు కదా సార్."

ఆయన డ్రాయర్ లాగి నాలుగు క్రెడిట్ కార్డులు బల్ల మీద పెట్టారు. మూడు నెలలుగా ఆఫీసు కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, క్యాంటీన్ వాడి బాకీ తన సొంత కార్డులతో కడుతున్నారట. వాటి గడువులు ఎప్పుడో తనకే సరిగా తెలియదనీ, రెండుసార్లు లేట్ ఫీజు పడిందనీ, ఇంట్లో చెప్పలేదనీ అన్నారు.

నాకు జాలి వేసింది, దానితో పాటు ధైర్యం కూడా వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక కాగితం తీశాను. నాలుగు కార్డులకూ బిల్లు వచ్చే తేదీ, కట్టాల్సిన తేదీ, మొత్తం బాకీ, కనీసంగా కట్టాల్సిన సొమ్ము ఒక్కొక్కటే రాయించాను. రాస్తున్నకొద్దీ ఆయన భుజాలు కిందికి దిగాయి. అంత పెద్ద భయం నాలుగు వరుసల్లో పట్టింది.

ఆ సాయంత్రమే మెయిల్ వెళ్లింది. ఈ నెల జీతాలు వచ్చే నెల తొమ్మిదిన పడతాయి, కారణం క్లయింటు డబ్బు రాకపోవడం, ఈ తేదీ మారేలా ఉంటే ముందే చెబుతాం అని రాశాను. కార్డు బిల్లులు, వాయిదాలు ఉన్నవాళ్ల కోసం రేపటి నుంచి మూడు రోజులు క్యాంటీన్‌లో కూర్చుంటానని కింద చేర్చాను. ఆ మెయిల్‌లో నేను నమ్మని మాట ఒక్కటీ లేదు.

క్యాంటీన్‌లో తెల్లబోర్డు

మొదటి రోజు పదకొండు దాకా ఎవరూ రాలేదు. అప్పు సంగతి నలుగురిలో మాట్లాడటానికి ఎవరికైనా సిగ్గే. ఇంతలో ప్రవళిక లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి ఆమె టీమ్ లీడ్. మీటింగ్ రూమ్ నుంచి తెల్లబోర్డు తెప్పించింది. దాని మీద ఒకటి నుంచి పదిహేను దాకా తేదీలు వేసి, పేర్లు రాయొద్దు, ఎవరి కార్డు గడువు ఏ తేదీనో ఆ తేదీ కింద ఒక పసుపు చీటీ అంటించండి, కట్టాల్సిన కనీస సొమ్ము కూడా దాని మీద రాయండి అని అందరికీ మెసేజ్ పెట్టింది.

పేరు లేకపోయేసరికి జనం కదిలారు. మధ్యాహ్నం భోజనాల వేళకు బోర్డు ముందు గుంపు చేరింది. బోర్డు నిండుతుంటే ఒక విషయం మా కళ్లముందే తేలింది. చీటీలన్నీ మూడు నుంచి ఆరు తారీఖుల మధ్యే గుట్టగా పడ్డాయి. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఒక కుర్రాడు చెప్పాడు: కింద లాబీలో బ్యాంకువాళ్లు స్టాల్ పెట్టినప్పుడు అందరం కలిసి వెళ్లి కార్డులు తీసుకున్నాం కదా అని. ఒకే వారంలో తీసుకున్న కార్డులు, ఒకే వారంలో పడే గడువులు. నెలాఖరు జీతానికి అవి చక్కగా సరిపోయాయి. జీతం తొమ్మిదికి జరిగితే అందరూ ఒకేసారి తప్పుతారు.

ఇక ప్రవళికలోని టెస్టర్ మేలుకుంది. ఒక్కో బ్యాంకుకు ఒక్కొక్కరి చేత స్పీకర్ పెట్టి ఫోన్ చేయించి, ఏం అడిగితే ఏం చెప్పారో షీటులో ఎక్కించింది. బిల్లు తేదీ మార్చమని అడిగే హక్కు కార్డు ఉన్న మనిషికి ఉంటుందని అక్కడున్న చాలా మందికి ఆ రోజే తెలిసింది, నాతో సహా. ఒక బ్యాంకులో యాప్‌లోనే మారింది. ఇంకో బ్యాంకు ఫోన్‌లో మార్చింది. ఎవరు మార్చినా అది వచ్చే బిల్లు నుంచే. ఈసారి గడువు మాత్రం కదలదు.

గడువు దాటకముందే ఫోన్ చేసిన మనిషితో బ్యాంకువాళ్లు మాట్లాడే తీరు వేరుగా ఉంటుందని కూడా అక్కడే చూశాం. "ఇంకా దాటలేదు, ముందే చెబుతున్నాను" అనగానే అవతలి గొంతు మెత్తబడేది. పెద్ద కొనుగోలు ఏదైనా ఉంటే వాయిదాలుగా మార్చుకోమని, అప్పుడు ఈ నెల కట్టాల్సింది తగ్గుతుందని వాళ్లే సలహా ఇచ్చేవారు.

అయినా మిగిలింది అసలు ప్రశ్న. ఐదో తారీఖున కనీస సొమ్ము కట్టడానికైనా చేతిలో ఏమీ లేనివాళ్ల మాటేమిటి?

రెండో రోజు మధ్యాహ్నం నేను బోర్డు ముందు నిలబడి చీటీల మీది అంకెలు ఊరికే కూడుతున్నాను. సగం కూడాక ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి కూడి చూశాను. ప్రవళికను పిలిచి ఆమెతో కూడించాను. ఇద్దరికీ ఒకే మొత్తం వచ్చింది. మొత్తం జీతాల ముందు అది చాలా చిన్నది. కంపెనీ ఖాతాలో జీతాలకు సరిపడా డబ్బు లేదు గానీ, ఈ కనీస సొమ్ములకు సరిపడా ఉంది.

నేను మెట్ల మీద పరుగెత్తాను. ఆ వయసులో, చీర కట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా. విఠల్ సార్ కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"గింతేనా?"

"ఇంతేనండి. వచ్చి అడిగిన వాళ్లకు మాత్రమే, జీతంలో అడ్వాన్సుగా, రెండో తారీఖున వేద్దాం. గడువు లోపల కనీసం కడితే లేట్ ఫీజు ఉండదు, రిపోర్టులో మచ్చ ఉండదు."

ఆయన ఆ కాగితం మీదే సంతకం చేశారు.

క్యాంటీన్‌కు వచ్చి చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. కానీ అక్కడే ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. కనీసం కట్టడం ఒక నెల గట్టెక్కడానికి మాత్రమే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా గీకిన ప్రతి రూపాయి మీదా మొదటి రోజు నుంచే పడుతుంది. అందుకని తొమ్మిదిన జీతం పడగానే మిగతాది కట్టాలి, అప్పటిదాకా కార్డు బయటికి తీయకూడదు. ఆటోపేని మొత్తం బాకీకి కాకుండా ఈ నెలకు కనీస సొమ్ముకే మార్చుకోమన్నాం. ప్రవళిక ఒక్కొక్కరి ఫోన్ చూసి, మార్చారో లేదో సరిచూశాకే కదలనిచ్చింది.

మల్లేశ్

క్యాంటీన్‌కు రాని మనిషి ఒకరున్నారు. మల్లేశ్, మా ఆఫీసు కారు నడిపేవాడు. నానక్‌రామ్‌గూడ పాత ఊరివాడు. మూడో రోజు సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే పార్కింగులో నా కోసం నిలబడి ఉన్నాడు. జర మాట్లాడాలన్నాడు.

అతనికి మూడు కార్డులున్నాయి. ఒక కార్డు గడువు రాగానే ఇంకో కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీసి దీనికి కడుతున్నాడు. ఏడాదిగా ఇదే. గడువు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి కొంచెం గర్వంగానే చెప్పాడు. కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన రుసుము అని అతనికి ఎవరూ చెప్పలేదు. అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి మూడు కార్డుల లెక్కా వేశాం. ఏడాదిలో బాకీ ఎంత పెరిగిందో చూసి, అంకె మీద వేలు పెట్టి మళ్లీ లెక్క వేయమన్నాడు.

ఇంట్లో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. అతని భార్య ఆ ఊళ్లోనే కర్రీ పాయింట్ నడుపుతుంది.

"ముందు ఆమెతో చెప్పు. నీ దగ్గర లేనిది లెక్క. ఆమె రోజూ లెక్కతోనే వ్యాపారం చేస్తోంది."

"తిడతది మేడమ్."

"తిట్టనీ."

మరునాడు ఆమే ఫోన్ చేసింది. తిట్టడం అయిపోయినట్టుంది, గొంతు స్థిమితంగా ఉంది. ఏ కార్డు మొదట తీర్చాలో అడిగింది. మూడింటికీ కనీసం కడుతూ, ఎక్కువ వడ్డీ పడేదానికి మిగిలినదంతా పెట్టమన్నాను. నగదు తీయడం ఆ రోజుతో ఆగాలన్నాను. కార్డులు మూడూ తన గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశానంది. అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

ఎనిమిదో తారీఖు

అడ్వాన్సులు రెండున వేశాం. ఆరో తారీఖు దాటింది. ఇక తొమ్మిది అన్న మాట నిలబడాలి. నిలబడకపోతే మేం చేసిందంతా అబద్ధాల లెక్కలోకే పోతుంది.

ఎనిమిదిన మధ్యాహ్నం మూడున్నరకు క్లయింటు డబ్బు కంపెనీ ఖాతాలో పడింది. జీతాల ఫైలు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను. రేపటిదాకా ఎందుకు, ఇవాళే వేసేద్దాం అనిపించింది. మా బ్యాంకులో ఐదు లోపల ఫైలు ఆమోదం పొందితేనే అదే రోజు అందరికీ జమవుతుంది. విఠల్ సార్ నానక్‌రామ్‌గూడలో ఒక మీటింగ్ ముగించుకుని కారులో వస్తున్నారు. ఫోన్ చేస్తే వేసేయమన్నారు.

తేదీ మార్చి ఫైలును బ్యాంకు సైటులోకి ఎక్కించాను. తిప్పికొట్టింది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ తిప్పికొట్టింది. కారణం చూపించదు. నాలుగుంపావు అయింది. ప్రవళిక నా వెనక నిలబడి, ఒకసారి ఫైలు పేరు మార్చి చూడమంది. రెండో తారీఖున అడ్వాన్సులకు వాడిన పేరే దీనికీ ఉంది. పేరు మార్చగానే లోపలికి పోయింది.

ఇక ఆమోదం. దానికి ఓటీపీ విఠల్ సార్ ఫోన్‌కు వెళుతుంది, ఆయనే లాగిన్ అయి వేయాలి. కారు ట్రాఫిక్‌లో నిలిచి ఉంది, ఆయన ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మల్లేశ్ కారును సందులోంచి తిప్పి ఒక పెట్రోల్ బంకులోకి పోనిచ్చి ఆపాడట. విఠల్ సార్ దిగి, బంకులో గాలి కొట్టే చోట నిలబడి ఓటీపీ వేశారు. నాలుగూ నలభై ఎనిమిది.

మేం అలాగే కూర్చున్నాం. ఐదున్నర దాటాక ఎక్కడో ఒక మూల ఫోన్ మోగింది. ఆ పక్కన ఇంకొకటి. తరవాత వరుసగా అంతస్తంతా మెసేజ్‌ల చప్పుడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తల వంచి ఫోన్‌లు చూస్తున్నారు. ఎందుకని చూస్తే, కార్డు బిల్లుల్లో మిగిలిన బాకీ అక్కడికక్కడే కడుతున్నారు. నాకు కన్నీళ్లు వచ్చాయి, నవ్వు కూడా వచ్చింది.

తరవాత వారం అందరినీ అడిగాం. చీటీ అంటించిన వాళ్లలో గడువు తప్పినవాళ్లు ఎవరూ లేరు. మొదటి నుంచీ చీటీ అంటించకుండా ఉండిపోయిన ఇద్దరికి తప్పింది. పేర్లు అడగకపోవడం మంచిదే అయింది గానీ, రానివాళ్ల దగ్గరికి మేమే వెళ్లి ఉండాల్సింది. అది నా రెండో తప్పుగా రాసుకోండి.

ఆ తరవాత

విఠల్ సార్ భయపడినట్టు సగం మంది వెళ్లిపోలేదు. నలుగురు వెళ్లారు. వాళ్లలో ప్రవళిక ఒకతె. బోర్డు తెప్పించిన రోజుకే ఆమె దగ్గర గచ్చిబౌలిలోని ఒక పెద్ద కంపెనీ ఆఫర్ ఉందట. ఆ మూడు రోజులూ నాతో కూర్చుని, ఆ పని అయ్యాకే రాజీనామా ఇచ్చింది. చెల్లెలు ఆ ఏడాది నర్సింగ్‌లో చేరింది, ఫీజులకు ఎక్కువ జీతం కావాలి. నిజం చెప్పినందుకు నిజం చెబుతున్నానంది. నాకు బాధేసింది. కానీ ఆమెను ఆపడానికి నా దగ్గర ఒక్క న్యాయమైన మాటా లేదు.

వెళ్లిపోయే ఉద్యోగికి ఇవ్వాల్సిన చివరి లెక్క మా దగ్గర నెలన్నర పట్టేది. అన్ని కంపెనీల్లోనూ అంతే, వెళ్లిపోయేవాళ్ల గురించి ఎవరికీ తొందర ఉండదు. ప్రవళిక ఫైలు కూడా మామూలు వరుసలోనే పెట్టాను.

ఆమె ఆఖరి రోజు సాయంత్రం విఠల్ సార్ నా సీటు దగ్గరికే వచ్చారు. అంతకుముందు ఎన్నడూ రాలేదు.

"మేడమ్, ఆ పిల్ల కార్డు డ్యూ డేట్ ఎప్పుడు?"

తేదీ మార్పించుకున్నాక ఏడో తారీఖని చెప్పాను.

"అయిదుకే ఏసేయండి."